నో-లిమిట్ పోకర్‌లో స్టాక్ ఎంత, పాట్ ఎంత: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇళ్ళలో పేకముక్కలంటే మూడు ముక్కలాట, లేదంటే రమ్మీ. అవి ఆడుతూ పెరిగినవాళ్ళు పోకర్‌లో ఒక రకమైన నో-లిమిట్ హోల్డెమ్‌కి వచ్చాక పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ఆట నియమాలు, ఏ హ్యాండ్ దేనికంటే పెద్దదో మీకు తెలుసనుకునే రాస్తున్నాం. వేరేగా చెప్పని చోటల్లా లెక్క ఒకటే: బ్లైండ్లు 5, 10, తలా 1,000 చిప్పులు. అంటే ఒక్కొక్కరి దగ్గర 100 పెద్ద బ్లైండ్లు. బ్లైండ్లంటే ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పక వేసే చిన్న, పెద్ద పందేలు. స్టాక్ అంటే ఒకరి ముందున్న చిప్పులు, పాట్ అంటే మధ్యలో పోగైన పందేలు.

డబ్బు పెట్టి ఆడొచ్చా?

వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ఈ పేజీలో చిప్పు అంటే లెక్క కోసం వాడే ప్లాస్టిక్ బిళ్ళ మాత్రమే. ఆట అయిపోయాక అది తిరిగి పెట్టెలోకే పోవాలి.

చిప్పులు ఎలా పంచుకోవాలి?

నాలుగు రంగులు, రంగుకు 50 చొప్పున 200 చిప్పులున్న పెట్టె ఆరుగురికి సరిపోతుంది. ఒక రంగును 5గా, ఇంకోదాన్ని 20గా, మూడోదాన్ని 100గా అనుకోండి. తలా ఎనిమిదేసి ఇవ్వండి: 40, 160, 800, మొత్తం 1,000. ఆరుగురికీ కలిపి ఒక్కో రంగులో 48 పోతాయి. నాలుగో రంగును 500గా పెట్టుకుంటే, అయిపోయినవాళ్ళకు మళ్ళీ ఇవ్వడానికి పనికొస్తుంది.

చిన్న చిప్పులు తక్కువ పంచితే ఒక ఇబ్బంది వస్తుంది. 35 వేయాల్సిన చోట చిల్లర లేక 100 పడేస్తారు. పందెం సైజు మీ ఆలోచనను బట్టి ఉండాలి గానీ చేతిలో ఉన్న రంగును బట్టి కాదు.

మూడు ముక్కలాటలో నన్ను ఓడించేవాడు లేడన్నా. ఇక్కడ మాత్రం ప్రతిసారీ తేలిపోతున్నా. ఎందుకు?

మూడు ముక్కలాటలో పందెం పాట్‌ని చూసి వేయరు. అంతకుముందు పడిన పందేన్ని చూసి వేస్తారు. ముక్కలు చూడనివాడు అంతే వేయొచ్చు, లేదా రెట్టింపు. చూసినవాడు, చూడనివాడి పందేనికి రెండింతలు లేదా నాలుగింతలు. పాట్‌లో ఎంత పేరుకుపోయినా తర్వాతి పందెం మీద దాని ప్రభావం ఉండదు.

ఆ అలవాటుతోనే హోల్డెమ్‌కి వచ్చినవాళ్ళు ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) మీద 20, టర్న్ (నాలుగోది) మీద 20, రివర్ (అయిదోది) మీద 20 వేస్తూ పోతారు. పాట్ 60 ఉన్నప్పుడు 20 అంటే మూడో వంతు. పాట్ 300 అయ్యాక అదే 20 పందెమే కాదు. ఎదుటివాడు 20 పెట్టి 340 చేరుకుంటాడు. 16 సార్లు తేలిపోయి ఒక్కసారి గెలిచినా వాడికి నష్టం లేదు. నో-లిమిట్‌లో పందేన్ని పాట్‌లో ఎన్నో వంతు అని కొలవాలి. ముందు ఈ ఒక్క అలవాటు మార్చుకోండి. కింద రాసిన మిగతావన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

నా దగ్గర 2,400 ఉన్నాయి, వాడి దగ్గర 300. నాది పెద్ద స్టాక్ కదా?

ఆ హ్యాండ్‌లో మీ దగ్గరా 300 ఉన్నట్టే. మీ ఇద్దరి మధ్య చేతులు మారగలిగేది అంతే. ఇద్దరిలో తక్కువున్నవాడి స్టాక్‌నే ఎఫెక్టివ్ స్టాక్ అంటారు. లెక్కలన్నీ దానితోనే చేయాలి.

ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు ఒక్కొక్కరితో ఒక్కో లెక్క ఉంటుంది. 300 ఉన్నవాడితో ఒక ఆట, 1,800 ఉన్నవాడితో వేరే ఆట, రెండూ ఒకేసారి. ముక్కలు తీసి చూసుకునే ముందు బల్ల చుట్టూ ఒకసారి కళ్ళు తిప్పి ఎవరి దగ్గర ఎంతుందో చూసుకోండి. పెద్ద చిప్పులు ముందు వరసలో, కనబడేలా పెట్టాలన్న నియమం ఇందుకే. కనబడకపోతే "వెనక ఎంతుంది?" అని అడగండి. అది మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు.

ఎస్‌పీఆర్ అంటే ఏమిటి?

స్టాక్-టు-పాట్ రేషియో. ఫ్లాప్ పడిన క్షణాన ఎఫెక్టివ్ స్టాక్‌ని పాట్‌తో భాగిస్తే వచ్చే అంకె. స్టాక్ పాట్‌కి ఎన్ని రెట్లుందో చెబుతుంది. అదే 1,000 చిప్పుల స్టాక్‌తో మూడు రకాలుగా చూడండి.

బటన్ మీదున్నవాడు (పంచేవాడి స్థానంలో ఉన్నవాడు) 25కి పెంచాడు, పెద్ద బ్లైండు కాల్ చేశాడు (తనూ అంతే వేశాడు), చిన్న బ్లైండు వదిలేశాడు. పాట్ 55. ఇద్దరి వెనకా 975. ఎస్‌పీఆర్ దాదాపు 18.

అదే 25 మీద పెద్ద బ్లైండు 110కి పెంచాడు, బటన్ కాల్ చేశాడు. పాట్ 225. వెనక 890. ఎస్‌పీఆర్ 4.

110 మీద బటన్ మళ్ళీ 250కి పెంచి, పెద్ద బ్లైండు కాల్ చేస్తే పాట్ 505. వెనక 750. ఎస్‌పీఆర్ 1.5.

ఒక్కో పెంపుతో 18 కాస్తా 4కి, 4 కాస్తా 1.5కి పడిపోయింది చూడండి. ఫ్లాప్ మీద మీ జీవితం కష్టంగా ఉంటుందా తేలికగా ఉంటుందా అన్నది ఫ్లాప్‌కి ముందే, మీ చేత్తోనే నిర్ణయమైపోతుంది. బోరులో నీళ్ళెన్నున్నాయో చూసుకున్నాకే వరా వేరుసెనగా అని తేల్చుకునే రైతులా, పెంచేముందే "కాల్ వస్తే పాట్ ఎంత, వెనక ఎంత" అని చూసుకోవాలి.

మన ఇళ్ళ ఆటల్లో ఇంకొకటి జరుగుతుంది. ఒకడు 40కి పెంచితే రెండు బ్లైండ్లతో సహా నలుగురు కాల్ చేస్తారు. పాట్ 200, వెనక 960. ఎస్‌పీఆర్ 5కి దగ్గర. అంకె చిన్నదే అయినా ఐదుగురున్నారు కాబట్టి ఎవరికో ఒకరికి రెండు జతలో, అంతకంటే పెద్దదో తగిలే అవకాశం ఎక్కువ. కింద చెప్పే కొలతలు ఇద్దరి మధ్య ఆటకు. మనుషులు పెరిగే కొద్దీ ఒక మెట్టు కిందికి దిగి ఆడండి.

టాప్ పెయిర్ తగిలింది. అన్నీ పెట్టేయాలా?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. టాప్ పెయిర్ అంటే బల్ల మీది అన్నిటికంటే పెద్ద ముక్కతో కలిసిన జత. జవాబు ముక్కల్లో ఉండదు, ఎస్‌పీఆర్‌లో ఉంటుంది. మీ చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు రాజు అనుకుందాం. ఫ్లాప్: ఆఠీను రాజు, డైమండు 8, కళావరు 3.

ఎస్‌పీఆర్ 1.5 అయితే ఆలోచించే పని లేదు. పాట్ 505, వెనక 750. ఎదుటివాడికి రాజు-రాణి ఉన్నా, రాణుల జత ఉన్నా, జాకీల జత ఉన్నా వాడూ వదలడు. చిప్పులు లోపలికి పోవాల్సిందే. ఆసుల జతో 8ల సెట్టో (చేతిలో జత, బల్ల మీద మూడోది) చూపిస్తే అది ముక్కల రాత, మీ తప్పు కాదు.

ఎస్‌పీఆర్ 4 దగ్గర, ఇద్దరే ఉంటే, ఇంతటి టాప్ పెయిర్ సాధారణంగా ఆఖరిదాకా వెళ్ళగలదు. కానీ రాజు పక్కన ఆసుకి బదులు 9 ఉంటే అంత దూరం వెళ్ళకండి.

ఎస్‌పీఆర్ 18 అసలు చిక్కు. పాట్ 55 మీద 35 వేశారు, కాల్. పాట్ 125. టర్న్ మీద 80, మళ్ళీ కాల్. పాట్ 285, వెనక 860. రివర్ మీద ఏ మార్పూ తేని 2 పడింది. ఎదుటివాడు ఒక్కసారిగా 860 ముందుకు తోశాడు. కాల్ చేయాలంటే 860 పెట్టి 2,005 పాట్ కోసం ఆడాలి. నష్టం లేకుండా ఉండాలంటే 43 శాతం సార్లు గెలవాలి. రెండు రౌండ్లు మెదలకుండా కాల్ చేసి, పాట్‌కి మూడింతలు తోసేవాడి దగ్గర 3ల సెట్టో, 8ల సెట్టో, రాజు-8తో రెండు జతలో ఉంటాయి. వట్టి బెదిరింపు అయ్యుండొచ్చు, కానీ మామూలు ఇళ్ళ ఆటల్లో 43 శాతం సార్లు కాదు. ఒక జతతో 100 బ్లైండ్లు పోగొట్టుకోవడం నో-లిమిట్‌లో అన్నిటికంటే ఖరీదైన అలవాటు. ఆ హ్యాండ్‌కి తగినవి రెండు మధ్యస్థం పందేలు, అంతే. మూడో రౌండులో చెక్ చేసి ముక్కలు చూపించడం పిరికితనం కాదు.

ఎస్‌పీఆర్ 13 దాటాక ఆఖరి చిప్పుదాకా వెళ్ళాల్సినవి సెట్లు, పెద్ద స్ట్రెయిట్లు, ఆసుతో వచ్చే ఫ్లష్‌లు.

ఈ 13 ఎక్కడిది? ఎంత పందెం వేస్తే స్టాక్ మొత్తం రివర్‌కల్లా లోపలికి పోతుంది?

మూడు రౌండ్లలోనూ పాట్‌కి సమానంగా వేసి, ప్రతిసారీ కాల్ వస్తే పాట్ ఒక్కో రౌండుకు మూడింతలవుతుంది. 100 కాస్తా 300, 900, 2,700. మీరు పెట్టింది 100, 300, 900, కలిపి 1,300. మొదటి పాట్‌కి 13 రెట్లు. అదే ఆ అంకె.

సగం పాట్ చొప్పున వేస్తే పాట్ రెట్టింపవుతుంది: 100, 200, 400, 800. మీరు పెట్టింది 350. అంటే ఎస్‌పీఆర్ 3.5 ఉన్నప్పుడు మూడు సగం పందేలతోనే స్టాక్ అంతా పోతుంది. మూడింట రెండు వంతులు వేస్తే 5.8 దాకా, ముప్పావు వంతు వేస్తే 7.3 దాకా సరిపోతుంది. మూడో వంతు చొప్పున వేస్తే 1.8 మాత్రమే. రెండు రౌండ్లే మిగిలితే పాట్ సైజు పందేలతో 4 రెట్లు, ఒక్క రౌండే మిగిలితే 1.

ఈ లెక్క తెలియక పెద్ద హ్యాండ్‌తో తక్కువ గెలుస్తారు. పైన చెప్పిన ఆటలోనే ఇప్పుడు మీ దగ్గర 3ల సెట్ ఉందనుకోండి. 35, 80 వేసుకుంటూ పోతే రివర్‌లో పాట్ 285, వెనక 860. అంత తోస్తే ఎవరు కాల్ చేస్తారు? అదే ఫ్లాప్ మీద 55, టర్న్ మీద 165 వేసి ఉంటే రివర్‌కి పాట్ 495, వెనక 755. పాట్‌కి ఒకటిన్నర రెట్లు. రాజు ఉన్నవాడు ఇంకా ఊగిసలాడే సైజు అది. రివర్ పందెం ఎంతుండాలో ఫ్లాప్ మీదే అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి.

ఎదుటివాడి పందేనికి కాల్ చేయాలంటే ఎంత గెలుపు అవకాశం ఉండాలి?

మీరు పెట్టాల్సినదాన్ని, మీ కాల్ కూడా చేరాక అయ్యే పాట్‌తో భాగించండి. పాట్ 200, పందెం 100, మీ కాల్ 100. మొత్తం 400లో మీది 100. 25 శాతం.

మూడో వంతు పందేనికి 20 శాతం, మూడింట రెండు వంతులకి 29, పాట్ అంతటికి 33, పాట్‌కి రెట్టింపుకి 40. బల్ల దగ్గర భాగహారాలు చేయలేం కాబట్టి ఈ అంకెలు నోటికి వచ్చేలా చదువుకోండి.

మరి బెదిరించేటప్పుడు?

సగం పాట్ వేసి బెదిరిస్తే మూడింట ఒకసారి ఎదుటివాడు వదిలేసినా మీకు నష్టం లేదు. పాట్ అంతా వేస్తే రెండింట ఒకసారి వదలాలి. వెనక మిగిలిన స్టాక్ మరీ చిన్నదైతే బెదిరింపు పనిచేయదు. పాట్ 600, మీ దగ్గర మిగిలింది 120 అనుకోండి. అది తోస్తే ఎదుటివాడికి 14 శాతం చాలు, ఏ చిన్న జతతోనైనా కాల్ చేస్తాడు. బెదిరించాలంటే ఒక రౌండు ముందే, స్టాక్‌కి బరువున్నప్పుడే.

ఫ్లష్ డ్రా ఉంది. తోసేయాలా, కాల్ చేయాలా, వదిలేయాలా?

ఫ్లాప్ మీద నాలుగు ఇస్పేట్లు కలిశాయి, తొమ్మిది ముక్కలు మిగిలాయి. రెండు ముక్కల్లో తగిలే అవకాశం 35 శాతం, ఒక్క టర్న్‌లోనే అయితే 19. మీరు 35 శాతంతో ఆడుతున్నారా 19 శాతంతోనా అన్నది మిగిలిన స్టాక్ చెబుతుంది.

పాట్ 200, ఇద్దరి వెనకా 200. తోసేశారు, వాడు కాల్ చేశాడు. మొత్తం 600లో 35 శాతం 210. పెట్టింది 200. వాడు ఒక్కసారీ వదలకపోయినా మీరు 10 లాభంలో ఉన్నారు. వదిలితే 200 వూరికే వచ్చినట్టు. ఇక్కడ తోయకపోవడమే తప్పు.

ఇప్పుడు అదే పాట్ 200, వెనక 600. తోస్తే, కాల్ వస్తే మొత్తం 1,400లో 35 శాతం 490. పెట్టింది 600. కాల్ వచ్చిన ప్రతిసారీ సగటున 110 నష్టం. దాన్ని పూడ్చాలంటే ఎదుటివాడు 36 శాతం సార్లు వదలాలి. వదిలే మనిషైతే తోయండి. మీ బల్ల మీద "చూద్దాంలే" అని కాల్ చేసేవాడైతే తోయకండి. వాడి దగ్గర సెట్ ఉంటే మీ 35 కూడా పాతిక శాతానికి పడిపోతుంది, అదీ గుర్తుంచుకోండి.

ఇక కాల్ సంగతి. పాట్ 200, వాడు 200 వేశాడు. టర్న్‌లో తగలకపోతే వదిలేద్దాం అనుకుంటే మీ అవకాశం 19 శాతమే, కావాల్సింది 33. ఆ లోటు పూడాలంటే తగిలినప్పుడు తర్వాతి రౌండ్లలో సగటున ఇంకో 450 రాబట్టాలి. వాడి వెనక 300 మాత్రమే ఉంటే అంత రాబట్టడం కుదరదు. 1,500 ఉండి, మీది ఆసు ఫ్లష్ అయితే కాల్ చేయొచ్చు. 1,500 ఉండి మీది 6 తో వచ్చే ఫ్లష్ అయితే జాగ్రత్త. పెద్ద పాట్ తయారయ్యేది మీకంటే పెద్ద ఫ్లష్ ఉన్నప్పుడే కావచ్చు.

22, 44 లాంటి చిన్న జతలతో కాల్ చేయొచ్చా?

ఫ్లాప్ మీద సెట్ తగిలేది 8.5 సార్లలో ఒకసారి, దాదాపు 12 శాతం. తగిలిన ప్రతిసారీ ఎదుటివాడు స్టాక్ అంతా ఇవ్వడు. కాబట్టి మీరు కాల్‌కి పెట్టేదానికి కనీసం 15 రెట్లు ఎఫెక్టివ్ స్టాక్ వెనక ఉండాలి. ఎదుటివాడు జాగ్రత్తపరుడైతే 20.

25 కాల్, వెనక 975: 39 రెట్లు, హాయిగా చేయండి. 25కి మీరు పెంచాక ఎదుటివాడు 110కి పెంచాడు, ఇంకా 85 పెట్టాలి, వెనక 890: పదిన్నర రెట్లు, వదిలేయండి. 200 మాత్రమే ఉన్నవాడు 40కి పెంచాడు, వాడి వెనక 160: నాలుగు రెట్లు. మీ దగ్గర 3,000 ఉన్నా ఇక్కడ పనికిరావు.

10 బ్లైండ్లే మిగిలాయి. ఎలా ఆడాలి?

తోయడం లేదా వదలడం. 100 చిప్పులుండి 30కి పెంచితే, పెద్ద బ్లైండు కాల్ చేస్తే పాట్ 65, వెనక 70. ఫ్లాప్ ఏది పడినా వదలలేని స్థితి. ఎలాగూ పోవాల్సిన చిప్పులు ముందే పోతే ఎదుటివాళ్ళు వదిలేసే అవకాశమన్నా మిగులుతుంది. అందరూ వదిలితే వచ్చే 15 మీ స్టాక్‌లో 15 శాతం, తక్కువేం కాదు.

ఈ దశలో ఆసు ఉన్న ముక్కలకు, జతలకు, పెద్ద బొమ్మ ముక్కలకు విలువ పెరుగుతుంది. డైమండు 6-7 లాంటివి పడిపోతాయి, ఎందుకంటే అవి తగిలినప్పుడు వసూలు చేసుకోవడానికి వెనక ఏమీ ఉండదు.

టోర్నమెంటులో లెక్క మారుతుందా?

స్టాక్ మారకపోయినా బ్లైండ్లు పెరిగి దాన్ని చిన్నది చేస్తాయి. బ్యాక్‌గామన్, పోకర్ ఆటగాడు పాల్ మాగ్రియెల్ పేరు మీద "ఎం" అనే కొలత ఉంది: మీ స్టాక్‌ని ఒక చుట్టు ఖర్చుతో, అంటే రెండు బ్లైండ్లు, యాంటీలతో (ప్రతి ఒక్కరూ ముందే వేసే చిన్న మొత్తాలతో) భాగించండి. 5, 10 దగ్గర 1,000 అంటే దాదాపు 67 చుట్లు. 50, 100 దగ్గర అదే 1,000 ఏడు చుట్లు కూడా రాదు. పైన పది బ్లైండ్లకు చెప్పింది అప్పటికి మీకు వర్తిస్తుంది.

హ్యాండ్ మధ్యలో చిప్పులు కలుపుకోవచ్చా?

కుదరదు. ముక్కలు పంచేటప్పటికి బల్ల మీద ఉన్నవే ఆ హ్యాండ్‌కి. తక్కువైతే తర్వాతి పంపకానికి ముందు తెచ్చుకోవాలి. బల్ల మీద ఉన్నవాటిని జేబులో వేసుకోవడం కూడా కుదరదు. స్టాక్ ఎంతో తెలిస్తేనే అందరి లెక్కలూ నిలుస్తాయి.

ముగ్గురు ఆల్-ఇన్. పాట్ ఎలా పంచాలి?

ఆల్-ఇన్ అంటే ఉన్నవన్నీ తోసేయడం. ఒకరి దగ్గర 300, ఇంకొకరి దగ్గర 800, మూడోవారి దగ్గర 1,000. ముందు ముగ్గురి నుంచీ 300 చొప్పున తీసి 900 ఒక కుప్ప పెట్టండి. అంతకుముందు 40 వేసి వదిలేసినవాళ్ళుంటే ఆ 40 కూడా ఇందులోకే. తర్వాత మిగతా ఇద్దరి నుంచి 500 చొప్పున తీసి 1,000 రెండో కుప్ప. మూడోవారికి మిగిలిన 200 వెంటనే వెనక్కి.

ముక్కలు చూపించేటప్పుడు రెండో కుప్పను ముందు తేల్చండి, అది ఇద్దరి మధ్యే. 300వాడి హ్యాండ్ అందరికంటే పెద్దదైనా వాడికి మొదటి కుప్ప మాత్రమే. మొత్తం వాడికే ఇచ్చేయడం ఇళ్ళ ఆటల్లో తరచూ జరిగే పొరపాటు.

నేను 100 వేశాను, ఒకడు 140తో ఆల్-ఇన్ అన్నాడు, ఇంకొకడు 140 కాల్ చేశాడు. నేను మళ్ళీ పెంచొచ్చా?

పెంచకూడదు. మీ 100 మీద పూర్తి పెంపు అంటే కనీసం 200 కావాలి. 140 పూర్తి పెంపు కాదు కాబట్టి అప్పటికే ఆడేసిన మీకు పెంచే హక్కు తిరిగి రాదు. 40 కలిపి కాల్ చేయొచ్చు, లేదా వదిలేయొచ్చు. మీ తర్వాత ఆడిన రెండోవాడు మాత్రం తన వంతులో పెంచగలిగేవాడే. వాడు కాల్‌తో సరిపెట్టుకున్నాడు కాబట్టి ఆ రౌండులో పందెం 140 దగ్గర ఆగిపోతుంది.